నాలుగేళ్ల వాడికి కౌన్సెలింగ్: మా ఇంట్లో ఏం జరిగింది

నాలుగేళ్ల పిల్లాడికి కౌన్సెలింగ్ ఏమిటి, వాడికేం అర్థమవుతుంది, వాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి ఏం చెబుతారు? తోటి పిల్లల్ని కొడుతున్నాడని మా వాణ్ని కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లిన సంగతి తెలిసిన ప్రతివాళ్లూ అడిగింది ఇదే. రాజమండ్రిలో మా వీధిలోనే ఇద్దరు అమ్మలు విడివిడిగా వచ్చి, తలుపు దగ్గరగా వేసి మరీ అడిగారు. వాళ్ల పిల్లలూ కొడుతున్నారు, బయటికి చెప్పుకోలేకపోతున్నారు. వాళ్లకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మా వాడు ప్లేస్కూల్లో చేరిన కొత్తలో తోసేవాడు. తర్వాత కొట్టడం, ఆ తర్వాత కొరకడం మొదలైంది. ఒకరోజు ఒక పాప ముంజేతి మీద వాడి పళ్లు దిగాయి. చర్మం తెగలేదు గానీ సాయంత్రానికి ఆ గాట్ల చుట్టూ నీలంగా కమిలింది. పాప వాళ్లమ్మ నాకు ఫొటో పంపించింది, కింద ఒక్క మాట కూడా రాయలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు స్కూలు వాళ్లు పిలిచి, "కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచండమ్మా, కాస్త పెద్దయ్యాక చూద్దాం" అన్నారు. అసలు ఎందుకిలా చేస్తున్నాడో చూద్దాం అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

ఇంట్లో తలో మాట. అత్తయ్య ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. మామయ్యగారు "మగపిల్లాడన్నాక ఆ మాత్రం దూకుడు ఉండదా" అన్నారు. మా ఆయన రెండు తగిలిస్తే దారికొస్తాడని వీపు మీద తగిలించారు కూడా. వాడు ఆ సాయంత్రమే పక్కింటి పాపని సరిగ్గా అక్కడే, అలాగే అరచేత్తో కొట్టాడు. మా ఆయన అది కళ్లారా చూశారు. ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్దామని ముందు అన్నది ఆయనే.

మేము ముందు వెళ్లింది పిల్లల డాక్టర్ దగ్గరికి. ఈ మెట్టు ఎవరూ దాటెయ్యొద్దని గట్టిగా చెబుతాను. డాక్టర్‌గారు వినికిడి పరీక్ష చేయించారు, ఎందుకంటే మాట సరిగా వినపడని పిల్లాణ్ని మనం మాట వినడం లేదనుకుంటాం. రాత్రి గురక పెడతాడా, నోరు తెరిచి నిద్రపోతాడా అని అడిగారు. ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్లు అనే మెత్తటి కండలు పెరిగితే నిద్ర చెడిపోయి పిల్లలు పగలంతా చిరాగ్గా ఉంటారట. రక్తం తక్కువగా ఉందేమో చూశారు. కళ్లలోకి చూస్తాడా, వేలుపెట్టి చూపిస్తాడా, పిలిస్తే తిరుగుతాడా అని ఆటిజానికి సంబంధించిన ప్రశ్నలూ వేశారు. అవన్నీ బాగానే ఉన్నాయి. మాటలే వయసుకి కాస్త వెనకబడ్డాయి. కావాల్సింది చెప్పడానికి రెండు మూడు ముక్కలు పోగేసుకునేలోపే వాడికి ఓపిక అయిపోతోంది. "మీ వాడికి మాట కంటే ముందు చెయ్యి వస్తోందమ్మా" అని క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపించారు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. బోర్డు మీద ఆ నంబర్ లేకపోతే మొహమాటపడకుండా అడగండి.

మేడం మొదటిసారి వాణ్ని తీసుకురావద్దన్నారు. మా ఇద్దర్నే రమ్మన్నారు. ఆ రోజు ఆవిడ చెప్పిన ఒక సంగతితో నా గుండెల మీద బరువు సగం దిగింది. మాంట్రియల్‌లో రిచర్డ్ ట్రెంబ్లే అనే పరిశోధకుడు పిల్లల్ని పసితనం నుంచి ఏళ్ల తరబడి గమనించారట. మనిషి జీవితంలో కొట్టడం, తోయడం, కొరకడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది రెండు నుంచి నాలుగేళ్ల మధ్యేనట. కొట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు, కొట్టకుండా ఉండడమే నేర్చుకోవాలి. చాలామంది పిల్లలు బడికెళ్లే వయసుకల్లా అది నేర్చుకుంటారు. కొద్దిమందికి ఆలస్యమవుతుంది, వాళ్లకి పెద్దల సాయం కావాలి. అంటే మా వాడిలో చెడ్డ బుద్ధేదీ పుట్టలేదు. అలాగని వాడే మానుకుంటాడులే అని వదిలేస్తే కుదరదు, ఎందుకంటే ఆ వయసు దాటాక కూడా ఎక్కువగా కొట్టే పిల్లలకి స్నేహాలు కుదరవు, చదువూ కష్టమవుతుంది.

తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు. పేజీకి మూడు గళ్లు: ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, ఆ తర్వాత ఏం జరిగింది. "ఎందుకు చేశాడో రాయకండి. కంటికి కనపడిందే రాయండి" అన్నారు. అందులోంచి ఒకటి చూపిస్తాను.

ముందు: సాయంత్రం ఆరు దాటింది. మధ్యాహ్నం పడుకోలేదు. అన్నం సగమే తిన్నాడు. ఫోన్‌లో కార్టూన్ చూస్తుంటే మధ్యలో తీసుకున్నాను. చేసింది: నా మోచేతి మీద కొట్టాడు, మళ్లీ గట్టిగా కొట్టి గిల్లాడు. తర్వాత: నానమ్మ వంటింట్లోంచి వచ్చి "పోనీలే అమ్మా, ఏడిపించకు" అని ఫోన్ తిరిగి ఇచ్చారు. ఊరుకున్నాడు.

ఇలాంటి పేజీలు కొన్ని నిండాక మేడం మొదటి గడి మీద వేలు పెట్టి మమ్మల్నే చదవమన్నారు. ఆకలి, నిద్ర, ఫోన్ ఆపడం, చేతిలో బొమ్మ ఇంకొకరు తీసుకోవడం. దాదాపు అన్నీ ఈ నాలుగే. పిల్లాడికి ఊరికే కోపం వచ్చేస్తోందని అప్పటిదాకా అనుకున్నాం. ఊరికే వచ్చింది ఒక్కటీ లేదు. తర్వాత మూడో గడి చదివించారు. ఫోన్ తిరిగొచ్చింది. బొమ్మ దక్కింది. స్నానం తప్పింది. ఇంటిల్లిపాదీ పనులొదిలి వాడి చుట్టూ చేరాం. అంటే కొట్టినప్పుడల్లా వాడి పని జరుగుతోంది. వాడి లెక్కలో వాడు చేసేది సరైనదే.

అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే సైకాలజిస్ట్ 1960ల నుంచి ఇళ్లకి వెళ్లి కుటుంబాలని చూసి చెప్పింది కూడా ఇదేనని మేడం అన్నారు. పిల్లాడు అరిస్తే పెద్దవాళ్లు తగ్గుతారు. పెద్దవాళ్లు ఇంకా గట్టిగా అరిస్తే పిల్లాడు తగ్గుతాడు. ఇలా గొంతు పెంచితేనే పని అవుతుందని ఇద్దరూ ఒకరికొకరు నేర్పుకుంటూ పోతారు. మా ఆయన అప్పుడు అడిగారు, "మరి నేను కొట్టినప్పుడు ఆగాడు కదండీ" అని. మేడం మెల్లగా, "ఆగాడు. ఎంతసేపు ఆగాడు సార్?" అన్నారు. ఆయన నోట్‌బుక్ వైపు చూసి ఇంకేం మాట్లాడలేదు. ఇంట్లో చెయ్యి చేసుకోవడం ఆ రోజుతో ఆగిపోయింది.

ఇక అసలు పని మొదలైంది. కొట్టడం ఎలా ఆపాలో చెబుతారని వెళ్తే ఆడుకోమన్నారు. రోజుకి ఐదు నిమిషాలు, వాడు ఏం ఆడితే అది. ఆ ఐదు నిమిషాల్లో ఆజ్ఞలు ఇవ్వకూడదు, తప్పులు దిద్దకూడదు, ప్రశ్నలు అడగకూడదు. మన ఇళ్లలో చిన్నపిల్లలతో ఆట అంటే సగం పరీక్షే కదా. ఇదేం రంగు, ఎన్ని ఉన్నాయి, ఆవు ఎలా అరుస్తుంది. అవన్నీ పక్కన పెట్టి వాడు చేస్తున్నదే మాటల్లో చెప్పాలి. "ఎర్ర బ్లాక్ మీద నీలంది పెట్టావు. ఇప్పుడు ఇంకోటి వెతుకుతున్నావు. దొరికింది." షీలా ఐబర్గ్ అనే ఆవిడ 1970లలో అమెరికాలో తయారుచేసిన పద్ధతి ఇది. అక్కడ థెరపిస్ట్ అద్దం వెనక ఉండి తల్లి చెవిలోని చిన్న పరికరంలో మాటలు అందిస్తారట. ఇక్కడ మేడం మూల స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా అందించేవారు. మొదట్లో వాడు అనుమానంగా నా మొహం వంక చూసేవాడు. కాసేపటికి నా మాటలు వాడే అందుకుని "దొలికింది" అన్నాడు. ఆ గదిలో వాడు నాతో మాట కలపడం అదే మొదలు.

మెచ్చుకోవడంలో కూడా మార్పు చెప్పారు. "గుడ్ బాయ్" అంటే వాడికి ఏం బాగుందో తెలియదు. "పాపకి కారు ఇచ్చావు, బాగుంది" అంటే తెలుస్తుంది. అన్నిటికంటే నాకు పనికొచ్చింది ఇంకొకటి. కొట్టబోయి ఆగిన క్షణాన్ని పట్టుకోవాలి. అంతకుముందు ఆ క్షణాన్ని మేమెవరమూ చూడలేదు, కొట్టాకే వాడి వైపు తిరిగేవాళ్లం. ఒకరోజు పక్కింటి పాప వాడి రైలు తీసింది. చెయ్యి భుజం దాకా లేచింది, అక్కడే ఒక్క క్షణం ఆగింది. నేను చేస్తున్న పని వదిలి, "చెయ్యి ఆపుకున్నావు నాన్నా, చూశాను" అన్నాను. వాడు తన చెయ్యి వైపు తనే చూసుకున్నాడు.

చెప్పే మాటల తీరు కూడా మార్చమన్నారు. వీధిలోంచో వంటింట్లోంచో అరవకుండా దగ్గరికెళ్లి, కళ్లకి కళ్లు అందేలా కూర్చుని, ఒకసారికి ఒకే పని చెప్పాలి. తలుపు కొట్టొద్దు అనే బదులు తలుపు మెల్లగా వెయ్యి అనాలి. స్నానం చేద్దామా అని అడిగితే వద్దు అనే హక్కు వాడికి ఇచ్చినట్టే, కాబట్టి చెయ్యక తప్పని పనిని అడగకూడదు, చెప్పాలి. ఫోన్ ఆపే ముందు రెండు నిమిషాలు ఉందని చెప్పి ఇసుక గడియారం తిప్పుతాం. ఇసుక అయ్యాక ఫోన్ బీరువాలోకి వెళ్తుంది, ఎవరు ఎంత ఏడ్చినా తిరిగి రాదు. మూడు నాలుగేళ్ల పిల్లలకి రోజు మొత్తంలో 10 నుంచి 13 గంటల నిద్ర కావాలనీ, స్క్రీన్ గంటకి మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా వాడు రాత్రి పదకొండింటికి మా అందరితో పాటు పడుకునేవాడు. పడుకునే వేళ తొమ్మిదికి మార్చడానికి ఇంట్లో టీవీ వేళలే మార్చుకోవాల్సి వచ్చింది. ఆ ఒక్క మార్పుకే సాయంత్రం గొడవలు బాగా తగ్గాయి.

మారాం చేస్తే, గునిస్తే, నేల మీద దొర్లితే పట్టించుకోవద్దన్నారు. మొహం తిప్పేసుకుని, శాంతించిన క్షణంలోనే మళ్లీ పలకరించాలి. అయితే ఒక మాట ముందే చెప్పారు: ఇన్నాళ్లూ పనిచేసింది పనిచెయ్యకపోతే పిల్లలు దాన్నే ఇంకా గట్టిగా చేసి చూస్తారు, తగ్గే ముందు పెరుగుతుంది, ఆ రోజుల్లో మీరు లొంగిపోతే పాత దానికంటే గట్టి పాఠం నేర్పినట్టే. నిజంగానే పెరిగింది. ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు వచ్చేవి. అత్తయ్య తట్టుకోలేక పూజగదిలోకి వెళ్లి తలుపేసుకునేవారు. ఒకసారి వచ్చి ఫోన్ ఇచ్చేశారు కూడా. ఉమ్మడి కుటుంబంలో ఇదే అసలు కష్టం. నలుగురు పెద్దలున్న ఇంట్లో ముగ్గురు మారితే సరిపోదు.

మేడం అత్తయ్యని తీసుకురమ్మన్నారు. ఆవిడతో తప్పొప్పుల మాటే ఎత్తలేదు. "అమ్మా, మనవడికి మీరంటే ప్రాణం కదా, ఈ పనిలో మీ సాయం లేకపోతే ఎలా" అని రెండు బాధ్యతలు అప్పగించారు. సాయంత్రం ఐదు గంటలకల్లా వాడి కడుపులో ఏదో ఒకటి పడాలి, అది ఒకటి. రాత్రి కథ చెప్పేటప్పుడు కథలో ఎవరికి కోపం వచ్చింది, ఎవరికి భయం వేసింది అని చెబుతూ ఉండాలి, అది రెండోది. అత్తయ్య కథల్లో కుందేలుకీ సింహానికీ ఆ తర్వాత కోపాలూ బాధలూ చాలా వచ్చాయి. "నాకు కోపం వచ్చింది", "నా వంతు", "నాది నాకిచ్చెయ్యి" అనే మాటలు వాడికి ఆవిడ నోటి నుంచే వచ్చాయి. స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి కూడా వెళ్లాం గానీ, ఆ మాటలు అంత తొందరగా పట్టుబడింది నానమ్మ వల్లేనని నా నమ్మకం.

మరి నిజంగా కొట్టినప్పుడు? దాన్ని చూసీ చూడనట్టు వదలకూడదు. ముందు దెబ్బ తిన్న బిడ్డ దగ్గరికి వెళ్లాలి. తర్వాత వాడితో "కొట్టావు, ఇప్పుడు పక్కన కూర్చోవాలి" అని ఒక్క వాక్యమే చెప్పాలి. గోడ పక్కన చిన్న పీట. వయసుకి ఏడాదికో నిమిషం చొప్పున నాలుగు నిమిషాల లోపే. ఆ సమయంలో ఉపన్యాసం లేదు, బూచాడి పేరు చెప్పి బెదిరించడం లేదు, చీకటి గది లేదు. లేచాక ఏ బొమ్మ దగ్గర గొడవ జరిగిందో అక్కడికే తీసుకెళ్లి, కొట్టకుండా ఎలా అడగాలో ఒకసారి చేయించాలి. బలవంతంగా సారీ చెప్పించొద్దన్నారు. దాని బదులు కొట్టించుకున్న పాపకి మంచినీళ్లు తెచ్చివ్వడమో, పడిన బ్లాకులు ఎత్తివ్వడమో చేయించేవాళ్లం. పాప ఆ గ్లాసు అందుకున్నప్పుడు వాడి మొహంలో కనిపించే మెత్తదనం, సారీ చెప్పించినప్పుడు ఎన్నడూ కనిపించలేదు.

తాబేలు ఆట వాడికి బాగా నచ్చింది. ఇది కూడా 1970లలో అమెరికాలో బడిపిల్లల కోసం మొదలైన పద్ధతేనట. కోపం వచ్చిందని తెలియగానే చేతులు రెండూ ఛాతీకి చుట్టుకుని, తల వంచి, డొప్పలోకి వెళ్లిన తాబేలులా ఉండాలి. మూడుసార్లు ఊపిరి నిండా పీల్చి వదిలి బయటికొచ్చి మాట చెప్పాలి. దీన్ని కోపం వచ్చినప్పుడు నేర్పకూడదు. హాయిగా ఉన్నప్పుడు, స్నానం అయ్యాక, బొమ్మలతో రోజూ ఆడించాలి. వాళ్ల నాన్న ఆఫీసు నుంచి వచ్చి బ్యాగు పెట్టగానే ఇద్దరూ నేల మీద తాబేళ్లయ్యేవాళ్లు. ఒకరోజు మా ఆయన ఫోన్‌లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతుంటే వీడు వెళ్లి చొక్కా పట్టుకుని "నాన్నా, తాబేలు" అన్నాడు. ఆయన ఫోన్ పెట్టేసి నిజంగానే చేతులు కట్టుకుని కూర్చున్నారు.

స్కూల్ సంగతి. పాతచోట మళ్లీ అడిగితే మొహమాటంగా సరేనన్నారు గానీ, మేము వేరే చోట చేర్చాం. అక్కడి టీచర్‌గారితో ఏదీ దాచకుండా మొదటి రోజే చెప్పాను. మేడం కూడా ఆవిడతో ఫోన్‌లో మాట్లాడారు. భోజనానికి ముందు చేతులు కడుక్కునే వరుసలో తోపులాట జరుగుతుందని టీచర్‌గారే గమనించి, వాణ్ని వరుసలో ముందు నిలబెట్టి తువాళ్లు అందించే పని ఇచ్చారు. వరుస ముందు చేతిలో తువాళ్లతో నిలబడిన పిల్లాడు ఎవర్నీ తొయ్యలేదు. ఆవిడ క్లాసులో ఇరవైమందికి పైగా పిల్లలు. అంతమందిలో మా వాడి ఒక్కడి గురించి అలా ఆలోచించినందుకు ఆవిడకి ఎంత రుణపడ్డానో మాటల్లో చెప్పలేను.

పూర్తిగా పోయిందా అని అడుగుతారు. పోలేదు. మా చిన్నాడపడుచు పెళ్లిలో రెండు రోజులు నిద్ర లేదు, వేళకి తిండి లేదు, చుట్టూ డీజే హోరు. మూడేళ్ల బావమరిదిని కొరికాడు. అలాంటప్పుడు నోట్‌బుక్ మొదటి గడి గుర్తు తెచ్చుకుంటే కారణం వెంటనే దొరుకుతుంది. ఇంటికొచ్చి నిద్రా తిండీ వేళకి పడగానే సర్దుకున్నాడు. కొరకడం ఆ తర్వాత మళ్లీ జరగలేదు. తోయడం ఇప్పటికీ ఉంది, బాగా అరుదు. మేడం దగ్గరికి వారం వారం వెళ్లేవాళ్లం, ఇప్పుడు నెలకోసారి చాలన్నారు.

మందులు వాడారా అని కూడా అడుగుతున్నారు. మా వాడికి అవసరం పడలేదు. ఈ వయసులో ముందు చెయ్యాల్సింది తల్లిదండ్రులకి శిక్షణేనని మేడం అన్నారు. ఏడీహెచ్‌డీ, అంటే నిలకడ లేకపోవడం, అతి చురుకుదనం ఉన్న ఆరేళ్లలోపు పిల్లలకి కూడా అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం మొదట ఇదే చెయ్యమంటుంది. అయితే పిల్లాడు వచ్చిన మాటలు మర్చిపోతున్నా, తనని తాను గాయపరచుకుంటున్నా, ఇంట్లో వాళ్లకి గాయాలయ్యేంత కొడుతున్నా ఈ నోట్‌బుక్కులతో ఆగకుండా వెంటనే డాక్టర్‌కి చూపించండి.

ఫీజులు అందరికీ భరించగలిగేవి కావు, అది నాకు తెలుసు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి ప్రభుత్వాసుపత్రుల్లో డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) అనే కేంద్రాలు పెట్టారు. ఎదుగుదలలో, మాటల్లో, ప్రవర్తనలో ఇబ్బంది ఉన్న పిల్లల్ని అక్కడ ఉచితంగా చూస్తారు. అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే ఎక్కడుందో చెబుతారు. ఎవరితో మాట్లాడాలో తోచనప్పుడు 14416కి ఫోన్ చెయ్యొచ్చు. అది టెలీ మానస్, 2022 నుంచి ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. పిల్లాడి సంగతే కాదు, పిల్లాడితో అలిసిపోయిన మీ సంగతీ చెప్పుకోవచ్చు.

జూన్‌లో వాడు ఎల్‌కేజీకి పెద్ద స్కూల్‌కి వెళ్తాడు. కొత్త టీచర్‌కి ఇవ్వడానికి ఒక పేజీ రాసి పెట్టుకున్నాను. పదకొండు దాటాక ఆకలేస్తుంది, ఒక బిస్కట్ ఇస్తే చాలు. వరుసలో మధ్యలో నిలబెట్టకండి. ఆట ఆపే ముందు ఒక్కసారి చెప్పండి. చేతులు చుట్టుకుని తల వంచుకుంటే కాసేపు కదపకండి, తాబేలయ్యాడని అర్థం. బయటికొచ్చాక ఏదో చెబుతాడు, దయచేసి వినండి.